గోడ అవతలి ఒళ్ళు

పొద్దున్నే టిఫిను చేసి, బస్సెక్కి, నాచారంలో దిగి, ముక్కూ మొహం తెలియని మనిషి నొప్పిని తన ఒంట్లోకి దింపించుకోవడం మొగులయ్య ఉద్యోగం. ఊరికే దింపించుకుంటే సరిపోదు, అది ఎంత నొప్పో చెప్పాలి. సున్నా నుంచి పది దాకా అంకెలున్నాయి. అందులోంచి ఒకటి ఏరి చెప్పాలి. మనిషి బాధని అంకెల్లో కుక్కే తెలివి చదువుకున్నవాళ్ళకే ఉంటుందని మొగులయ్య నమ్మకం.

అతను అయిదో తరగతిలో బడి మానేసి రాళ్ళ క్వారీలో పనికి చేరినవాడు. జీవితంలో సగం రాయికి బెజ్జాలు వేస్తూనే గడిచిపోయింది. క్వారీ మూతపడి ఇంట్లో కూర్చున్న రోజుల్లో, కొత్త మందులకి అనుమతులిచ్చే ఔషధ మండలి నొప్పి సాక్షులు కావాలని ప్రకటన వేసింది. రోగం రొష్టు లేనివాడై ఉండాలి, ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడై ఉండాలి, ఏ మందుల కంపెనీలోనూ చుట్టాలుండకూడదు అన్నారు.

"చుట్టాల సంగతి అడగకుర్రి సార్. ఉన్నోళ్ళే నన్ను చుట్టమనుకుంటలేరు" అన్నాడు మొగులయ్య. వాళ్ళు నవ్వి తీసుకున్నారు.

పని తీరు ఇది. గదికి నడిమధ్య గోడ. అవతల కొత్త మందు ఎక్కించుకుంటున్న రోగి, ఇవతల సాక్షి. ఇద్దరి మెడల వెనకా చెరో పట్టీ కడతారు. రెంటినీ కలుపుతూ గోడలోంచి ఒక నల్ల తీగ. గాలిలో పంపితే కంపెనీవాళ్ళు దారిలో ఏదైనా మతలబు చేస్తారేమోనని, తీగే ఉండాలని చట్టంలో రాశారు. రోగి నరాల్లో పుట్టింది సాక్షి నరాల్లో పలుకుతుంది. జబ్బు రాదు, గాయం కాదు, నొప్పి మాత్రం అచ్చంగా అదే. రోగికి వేరే గేటు, సాక్షికి వేరే గేటు. ఒకరికొకరు ఎదురుపడ్డారని తెలిస్తే పరీక్ష మొత్తం రద్దు.

సాక్షి కుర్చీ చేతికి ఒక ఎర్ర మీట ఉంటుంది. భరించలేకపోతే నొక్కచ్చు. మామూలు రోజున నొక్కితే ఆ పూటకి మందు ఆగుతుంది. మందుకి అనుమతి ఇవ్వాలా వద్దా అని మండలి తేల్చే విచారణ నాడు నొక్కితే మాత్రం ఆ మందు ఇక దేశంలో ఎవరికీ దొరకదు.

ఈసారి వచ్చిన మందు మొద్దునరం జబ్బుకి. ఆ జబ్బు పట్టినవాళ్ళకి ముందు వేళ్ళ కొసలు తెలియకుండా పోతాయి. తర్వాత చేతులు, కాళ్ళు. ఆఖరికి ఊపిరాడించే నరం కూడా నిద్రపోతుంది, దానితో మనిషీ పోతాడు. మొదట్లో గోడ అవతల నుంచి మొగులయ్యకి ఏమీ వచ్చేది కాదు. దూదిబస్తాలో పెట్టి మూతి కుట్టేసినట్టు ఉండేది ఒళ్ళు. "సున్నా" అనడం, కునుకు తీయడం. సుఖమైన డ్యూటీ దొరికిందని అతను మురిసిపోతున్నంతలో వానలు పట్టాయి, వానలతోపాటే నొప్పి మొదలైంది.

ఎడమ అరచేతిలో సుర్రుమని మంట, పెనం మీద చెయ్యి ఆనించినట్టు. అది చల్లారిందనుకునేసరికి కుడి చూపుడువేలికి సూదిపోట్లు. ఒకటి, ఆగి ఇంకొకటి, మళ్ళీ ఇంకొకటి.

"ఎంత మొగులయ్యా?" పక్కనుంచి నర్సు అడిగింది.

"ఎనిమిది రాసుకో."

"నిన్న ఆరే అన్నావుగా."

"నిన్నటి మంట నిన్నటిది. నీ చెయ్యేమన్న కాలుతుందా, కూరగాయలకాడ లెక్క బేరమాడుతున్నవ్?"

అరచెయ్యి మళ్ళీ భగ్గుమంది. ఈసారి మంట వదల్లేదు, పట్టుకుని కూర్చుంది. అవతల ఎవరో దిక్కులేని ప్రాణి ఈ మందుకి మాడిపోతోందనుకునేసరికి మొగులయ్యకి ఒళ్ళు మండింది. ఎర్ర మీట మీద గుద్దాడు.

పట్టీ విప్పగానే నొప్పి పోయినా, దాని సలుపు పోదు. ఇంటిదాకా వస్తుంది. ఆ సాయంత్రం అతను బకెట్లో చెయ్యి పెట్టుకుని గడప మీద కూర్చుంటే, భార్య సుగుణ ఒక చెంబు నీళ్ళు తెచ్చి పోసింది.

"ఎవరికో చెయ్యి కాలితే నీకు సల్లనీళ్ళు కావాలె. పొద్దటి సంది నా మోకాలు గుంజుతుందంటే మాత్రం నీకు ఇనబడదు."

"నీ మోకాలికి తీగ లేదు గదనే."

"తీగ ఉంటే తప్ప తెల్వదన్నట్టు!" చెంబు ఠక్కున కింద పెట్టింది. "ఆ అవతల ఉన్నది ఆడామెనా, మగాయనా?"

"నాకేం తెలుసు? నొప్పికి ఆడామగా ఉంటదా?"

"ఆడామెనే. మగాయనైతే నువ్వింత ఇదైపోవు."

మొగులయ్యకి నవ్వొచ్చింది, కానీ ఎక్కువసేపు నిలవలేదు. "అది మందు కాదు సుగుణా, నిప్పు. బాటిల్ల పోసి బిరడా బిగించిన్రు. విచారణ రానీ, నొక్కి పారేస్త. కంపెనీవోడు నెత్తి కొట్టుకోవాలె."

"నొక్కితే ఆ మనిషికి ఇంకో మందున్నదా?"

"అది నా పని కాదు."

"మరి నీ పనేంది?"

"నొప్పెంతో చెప్పుడు."

"మంచి పనే" అని సుగుణ లోపలికి వెళ్ళింది. మెచ్చుకుందో, తిట్టిందో అతనికి అంతుపట్టలేదు.

విచారణ దగ్గరపడ్డాక ఒక రోజు మరీ వింతైన నొప్పి వచ్చింది. ముంజేతి మీద కుక్క కరిచినట్టు. పళ్ళు దిగడం కూడా తెలిసింది. డ్యూటీ దిగి బస్టాపు పక్కన చెరకురసం బండి దగ్గర నిలబడి, చొక్కా చెయ్యి పైకి మడిచి అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాడు. గాటు లేదు, వాపు లేదు.

"అన్నా, చెయ్యి ఎవరన్న కొరికిన్రా?"

తలెత్తాడు. చేతికర్ర పట్టుకుని సన్నగా, పొడుగ్గా ఒక మనిషి. ముప్పై దాటి ఉంటాయి. అడుగు వేసే ముందు నేల ఉందో లేదో కర్రతో చూసుకుంటోంది.

"కొరకనీకి నేనేమన్న చెరకుగడనా?" అన్నాడు.

ఆమె చీర కొంగు తీసి తన ముంజెయ్యి చూపించింది. ఎర్రగా, వరసగా పంటి గాట్లు. సరిగ్గా అదే చోట.

"నేనే కొరుక్కున్న, నిన్ను పట్టనీకి. ఎవడు చెయ్యి సూసుకుంట బయటికొస్తడో సూద్దామని ఈడ నిలబడ్డ. మొన్న నా మందు ఆపింది నువ్వే గదా?"

మొగులయ్య చొక్కా చెయ్యి గబుక్కున కిందికి లాక్కున్నాడు. రెండడుగులు వెనక్కి వేశాడు. "అమ్మా, నాతోని మాట్లాడకు. ఎవరన్న చూస్తే నీ పరీక్షే పోతది."

"పోనీ! నువ్వు ఎట్లైనా పోగొడుతనే ఉన్నవ్." ఆమె గొంతు తగ్గించలేదు. "నా ఒంట్ల నొప్పి ఆపనీకి నువ్వెవనివి?"

చెరకురసం ఆయన మిషను ఆపి వినడం మొదలుపెట్టాడు. మొగులయ్య ఆమెను బండి వెనక్కి రమ్మని సైగ చేశాడు.

ఆమె పేరు ఎస్తేరు. లాలాపేటలో జాకెట్లు కుట్టేది. జబ్బు వేళ్ళతో మొదలైంది. సూది వేలిలో దిగబడినా తెలిసేది కాదు, కుడుతున్న గుడ్డకి నెత్తురు అంటితే గాని. గిరాకీ పోయింది, మిషను మూలన పడింది. ఇదే జబ్బుతో ఆమె అక్క ఊపిరందక పోయింది.

"నువ్వు మాడిపోతున్నవని ఆపిన నేను" అన్నాడు మొగులయ్య. "అరచెయ్యి కాల్చినట్టయింది. అబద్ధమా?"

"నిజమే. టీ గ్లాసు పట్టుకున్న."

"ఏందీ?"

"ఏండ్లకేండ్లు అయిందన్నా, వేడంటే ఏందో తెల్వక. నర్సు టీ ఇచ్చింది. పట్టుకుంటే సుర్రుమన్నది. నాకు ఏడుపొచ్చింది, సంతోషానికి. ఇడవబుద్ధి కాలే. చెయ్యి బొబ్బెక్కేదాక పట్టుకున్న."

"మరి సూదిపోట్లు?"

"సూదే." జాకెట్టు అంచు తిప్పి చూపించింది. గుడ్డ మడతలో చిన్న సూది మెరిసింది. "దుప్పటి కింద పొడుసుకుని సూసేదాన్ని. తెలుస్తుందా లేదా అని. తెలిస్తే నమ్మకం చాలక ఇంకోసారి. కదలకుంట పండుకోమన్నరు గని, ఎట్లుంటనన్నా? పోయిన చెయ్యి తిరిగొస్తుంటే సూసుకోకుంట ఎట్లుంట?"

నెలల తరబడి మొగులయ్య మండలికి చెప్పిన అంకెలన్నీ ఈమె టీ గ్లాసులూ, ఈమె సూదిపోట్లూ. "నా బతుకుల ఇంత నిజంగ ఎన్నడూ చెప్పలే, ఇంత అబద్ధమూ ఎన్నడూ చెప్పలే" అన్నాడు. "నీ నొప్పి నాకొస్తదని నీకు తెల్వదా?"

"ఎవరు చెప్పిన్రు నాకు? సాక్షంటే ఎక్కడో కూసోని టీవీల సూస్తడనుకున్న. మందు ఆపినంక నర్సు తిట్టింది, అవతల సాక్షి చెయ్యి కాలి గుద్దిండని. అప్పుడు తెలిసింది." అతని అరచెయ్యి వైపు చూసి, "తప్పయింది. నీకు మస్తు నొచ్చిందా?" అంది.

ఎన్ని మందుల నొప్పులు మోశాడో గానీ, ఆ మాట అతన్ని ఎవరూ అడగలేదు. ఎంత అని అడిగారు. అంతే.

"ఇగ విచారణ నాడు ఏం సూడకు" అన్నాడు. "సూది పారేయి. టీ ముట్టకు. కట్టె లెక్క పండుకో. అప్పుడొచ్చేది మందుదే అని నాకు తెలుస్తది. నిజంగ మందే కాలుస్తుంటే మాత్రం నొక్కుత. మొహమాటం లేదు."

"నొక్కుతవు గని, నన్ను అడగవా?"

"ఎట్లడగాలె? నడుమ గోడ."

ఎస్తేరు కర్ర నేలకి ఆనించి చూసుకుని ఒక అడుగు వేసింది. "రాళ్ళు పగలగొట్టినోని లెక్కనే ఉన్నవు సూడనీకి" అని బస్సు కోసం వెళ్ళిపోయింది. అది అతనికి సూటిగా తగిలింది. తాను క్వారీలో పనిచేసిన సంగతి ఆమెకి చెప్పనే లేదు మరి.

విచారణ నాడు మండలి హాల్లో ఏసీ గుయ్యిమంటోంది. ఎత్తు బల్ల వెనక సభ్యులు. మధ్యలో అధ్యక్షురాలు డాక్టర్ ఇందుమతి, నెరిసిన జుట్టు గట్టిగా ముడి వేసుకున్న మనిషి, నవ్వగా ఎవరూ చూడలేదు. ఒక పక్క కంపెనీ వకీలు. మొగులయ్యని కుర్చీలో కూర్చోబెట్టి మెడకి పట్టీ కట్టారు. వెనక గోడ, గోడకో తలుపు, తలుపుకి కాపలాగా ఒక సెక్యూరిటీ మనిషి. అవతల ఎస్తేరుకి సెలైనులో మందు ఎక్కించడానికి అంతా సిద్ధంగా ఉంది.

"సాక్షి ఇంతవరకూ చెప్పినవి మంట, పోట్లు, కాటు" అని ఇందుమతి చదివింది. "ఇవే నిలబడితే మందుకి అనుమతి కష్టం. నువ్వేమైనా చెప్పాలా?"

"అవన్నీ కొట్టేయుర్రి మేడం."

"ఎందుకు?"

"చెప్ప."

వకీలు మొహం వెలిగింది. ఇందుమతి కళ్ళజోడు తీసింది. "కారణం చెప్పకుండా కొట్టేయడం కుదరదు."

"మందు వేసుకున్నామెను అడగరాదు? నొప్పి ఆమెది. నేను కిరాయికి మోసేటోన్ని."

"అడిగేవాళ్ళం" అందావిడ. "సాక్షులు లేని కాలంలో రోగులనే అడిగేవాళ్ళం. అడిగి రాసుకున్నది నేనే. ప్రతి ఒక్కరూ బాగుందన్నారు. బాగాలేదంటే పరీక్షలోంచి తీసేస్తారని, ఉన్న ఒక్క ఆశా పోతుందని బాగుందన్నారు. ఆ మందు బయటికి వెళ్ళాక వాళ్ళలో ఎందరు మిగిలారో నాకు తెలుసు. ఆశ ఉన్నవాళ్ళు నిజం చెప్పరు మొగులయ్యా. అందుకే గోడ కట్టాం."

ఆమె అబద్ధమాడటం లేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. చదువుకున్నవాళ్ళ మీద మొగులయ్యకి ఎప్పుడూ ఉండే కోపం నిలబడటానికి చోటు దొరక్క కాసేపు తికమకపడింది.

మందు మొదలైంది.

చాలాసేపు ఏమీ లేదు. చేతులు ప్రశాంతం. వేళ్ళు ప్రశాంతం. మాట నిలబెట్టుకుంటోంది అనుకున్నాడు. అప్పుడు రొమ్ములో ఎక్కడో ఒక సన్నటి గీత పడింది. ఊపిరి తీస్తే అది పొడుగైంది. ఇంకోసారి తీస్తే పక్కటెముకల కిందికి పాకి, లోపల్నుంచి ఎవరో గుడ్డ చింపుతున్నట్టు పర్రుమంది. టీ గ్లాసు రొమ్ములోకి పోదు. సూదీ పోదు. ఇది మందుదే.

మొగులయ్య చెయ్యి దానంతటదే మీట దాకా వెళ్ళింది. నుదుటి మీంచి చెమట కళ్ళలోకి కారుతోంది. నొక్కితే ఆమె మందు పోతుంది, ఈరోజు కాకపోతే ఇంకో రోజు అక్కలాగే ఊపిరందక పోతుంది. నొక్కకపోతే ఇప్పుడే, ఈ గోడ అవతలే పోతుందేమో. ఏది నిజమో అతనికి తెలియదు. కుర్చీలో కూర్చున్నవాడికి అది తెలిసే దారే లేదు.

"ఎంత?" అంది ఇందుమతి.

అతను పళ్ళు బిగించి మీట మీంచి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"సాక్షి మీట నొక్కలేదు, అభ్యంతరమూ చెప్పలేదు" అని వకీలు లేచాడు. "అంటే భరించదగిన నొప్పేనని నమోదు చేయాలని కోరుతున్నాను."

"నోర్ముయ్!" మొగులయ్య అరిచాడు. "నేను నొక్కలేదంటే నీ మందు మంచిదని కాదు. నీకోసం ఊకున్ననా నేను? ఛాతి చీరుకపోతుంది ఈడ!"

"అయితే నొక్కు" అంది ఇందుమతి.

"నొక్క."

"అంకె చెప్పు."

"చెప్ప. సున్నా చెప్ప, పది చెప్ప. ఇది అంకెతోటి అయ్యేది కాదు. మీరు సగం ఆడ పండబెట్టిన్రు, సగం ఈడ కూసోబెట్టిన్రు. నొప్పేమో ఆమె తాన, నోరేమో నా తాన. రెండు కలిస్తే గదా సాక్ష్యం!"

మెడ వెనకకి చెయ్యి పోనిచ్చి పట్టీ పీకేశాడు. ఒక్కసారిగా ఒళ్ళు ఖాళీ అయిపోయింది. రొమ్ము నిండా చల్లటి గాలి దిగింది. ఆ హాయికి అతనికి సిగ్గేసింది. గోడ అవతల మనిషికి పీకేసుకోవడానికి ఏ పట్టీ లేదు.

లేచి తలుపు వైపు నడిచాడు. సెక్యూరిటీ మనిషి అడ్డం వచ్చాడు. రాయికి బెజ్జాలేసే డ్రిల్లు నొక్కిపెట్టిన భుజం అది, అడ్డం వచ్చినవాడు పక్కకి జరిగాడు. వెనక కుర్చీలు కదిలిన చప్పుడు. "పరీక్ష రద్దవుతుంది" అని వకీలు కేకలు. మొగులయ్య తలుపు తోశాడు.

ఎస్తేరు మంచం మీద వెల్లకిలా ఉంది. చేతులు రెండూ పక్కలకి ఆనించి, పిడికిళ్ళు బిగించి, కప్పు వైపు చూస్తోంది. మొహమంతా చెమట. మాటిచ్చినట్టే వేలు కూడా కదపడం లేదు. గుమ్మంలో ఇంతమంది కనబడేసరికి ఆమె కళ్ళలోకి భయం వచ్చింది. తెల్ల కోట్లని చూసింది, ఇందుమతిని చూసింది, మొహం మీదికి నవ్వు తెచ్చుకుంది.

"బాగున్న మేడం. ఏం లేదు. మస్తు బాగుంది."

ఇందుమతి గుమ్మంలోనే ఆగిపోయింది. గోడ కట్టించక ముందు రోజుల నుంచి ఆమె చెవుల్లో మోగుతున్న మాట అది.

మొగులయ్య మంచం దగ్గరికి వెళ్ళాడు. "ఎస్తేరమ్మా, నాకు చెప్పకు ఆ మాట. ఇప్పుడే నా ఛాతిలకెళ్ళి తీసి పారేసొచ్చిన దాన్ని. ఎడమ దిక్కు ఎముకల కిందికి పాకలేదా? ఊపిరి తీస్తే గుడ్డ చింపినట్టు లేదా?"

ఆమె నవ్వు అలాగే ఉండి, నెమ్మదిగా కరిగిపోయింది. దాచి లాభం లేని మనిషి ఎదురుగా నిలబడ్డాడు. పిడికిళ్ళు విడిచింది. ఏడ్చింది కూడా.

"నొస్తుంది" అంది. "మస్తు నొస్తుంది మేడం. పోత అనిపిస్తుంది. గని ఇన్నేండ్లు నా రొమ్ము లేస్తుందా పడుతుందా నాకే తెల్వలే. ఇయ్యాల తెలుస్తుంది. ఆపకుర్రి. ఇంత జోరుగ మాత్రం వద్దు, జర మెల్లగ ఇయ్యుర్రి. రేపు నిజంగ తట్టుకోకపోతే నేనే చెప్త, ఆపుమని. అబద్ధం ఆడ. ఈయన ముంగట ఆడలేను."

"రోగీ సాక్షీ ముందే కలిశారు, పేరు పెట్టి పిలిచాడు, విన్నారుగా!" అని వెనక నుంచి వకీలు. "ఈ మాటలు నమోదు చేయడం చట్టవిరుద్ధం మేడం."

"అవును, కలిసినం" అన్నాడు మొగులయ్య, వెనక్కి తిరక్కుండానే. "ఏ కోర్టుల చెప్పమన్న చెప్త. మందు మంచిదో కాదో నాకు తెల్వదు. తెలుసుకోనీకి ఈమెను అడగాలన్నది తెలుసు. నన్ను ఏం చేసుకుంటరో చేసుకోండి."

సెక్యూరిటీ మనిషి వచ్చి అతని రెక్క పట్టుకున్నాడు. మొగులయ్య కదల్లేదు.

"వదులు. రద్దు సంగతి తర్వాత చూద్దాం" అంది ఇందుమతి. తర్వాత నర్సు వైపు తిరిగింది. "చుక్క తగ్గించు. ఆపకు."

నర్సు సెలైను గొట్టం మీద చక్రం తిప్పింది. చుక్కకీ చుక్కకీ మధ్య ఎడం పెరిగింది. ఎస్తేరు ఒక ఊపిరి తీసింది, మొహం చిట్లించింది, ఇంకొకటి తీసింది. గదిలో అందరూ ఆమె రొమ్మునే చూస్తున్నారు. వకీలు కూడా.

ఇందుమతి మంచం పక్కకి వచ్చి, చాలా ఏళ్ళ కిందట మరిచిపోయిన పని ఏదో మళ్ళీ మొదలుపెడుతున్న మనిషిలా తడబడుతూ అడిగింది.

"ఎక్కడ మొదలైందమ్మా నొప్పి? ఎట్లా ఉంది?"

ఎస్తేరు కొంగుతో మొహం తుడుచుకుని, మంచం పక్కనున్న స్టూలు వైపు చూపించింది.

"కూసోండి మేడం. నిలబడి ఇనేటిది కాదు ఇది."